పదకొండు గంటల పాలు

పదకొండయ్యేసరికి ఆమె జాకెట్టు తడిసిపోతుంది.

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె కాలర్లు కుడుతుంది. ప్రసూతి సెలవు ముగించుకుని పనిలోకి వచ్చి పన్నెండు రోజులైంది. నాలుగు నెలల పాపను ఇంట్లో ఆమె తల్లి చూసుకుంటోంది. పాపకి డబ్బాపాలు పడటం లేదు. పట్టిన ప్రతిసారీ వాంతి చేసుకుంటోంది. అందుకే ఆమె పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి బాత్రూములోకి వెళ్లి, నిలబడే పాలు పిండి స్టీలు సీసాలో పడుతుంది. దాన్ని క్యాంటీన్ ఫ్రిజ్‌లో దాచి, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్తుంది. మర్నాడు పగలు పాపకి అవే పాలు.

చిక్కల్లా లైనుతోనే. ఆమె కాలరు కుట్టి ఇస్తేగాని పక్క మిషను మీద చొక్కాకి చేతులు పడవు. ఆమె లేచిన ఇరవై నిమిషాలూ తర్వాతి తొమ్మిది మందికీ పని ఉండదు. రోజుకి ఆరు వందల చొక్కాల లెక్క. అది తగ్గితే అయిదున్నర దాటినా లైనంతా ఆగి పూర్తిచేసి వెళ్లాలి.

"మహారాణిగారు వచ్చేశారా?" అంది చేతులు కుట్టే ఆవిడ. "మేమేం కనలేదా? ముగ్గుర్ని కన్నా నేను."

"మరి అప్పుడేం చేశావక్కా?"

"గుడ్డ బిగించి కట్టా. వారంలో ఎండిపోయాయి. పీడా పోయింది."

ఆ మాటన్నాక ఆవిడ చాలాసేపు మిషను మీంచి తలెత్తలేదు.

మర్నాడు ఆమె పదకొండింటికి లేవకూడదనుకుంది. నొప్పిని పళ్ల బిగువున ఆపుకుంటూ కుట్టింది. ఆ ధ్యాసలో నలభై సైజు చొక్కాలకి ముప్ఫై ఎనిమిది సైజు కాలర్లు వేసింది. ముప్ఫై చొక్కాలు విప్పాల్సి వచ్చింది. అందరూ ఏడింటిదాకా ఉండిపోయారు. సూపర్‌వైజర్ కూడా తిట్టలేదు.

"ఇటు పడెయ్," అని పక్కావిడ పది చొక్కాలు తన ఒళ్లో వేసుకుంది. "నీ చేత్తో విప్పితే తెల్లారుతుంది. మా చిన్నది స్కూలు నుంచొచ్చి గుమ్మంలో కూర్చునుంటుంది."

ఆ రాత్రే ఆమె గుడ్డ చింపి గట్టిగా కట్టుకుంది. రెండు రోజులు జ్వరం కాసింది. ఛాతీ రాయిలా గట్టిపడింది. ఇంట్లో తల్లి మళ్లీ డబ్బాపాలు కలిపింది. పాప కక్కింది. తల్లి తుడిచి, మళ్లీ కలిపి పట్టింది.

"జ్వరం తగ్గిందా?" తర్వాతి వారం అడిగింది పక్కావిడ.

"తగ్గిందక్కా."

"పాలో?"

"అవీ తగ్గాయి."

ఆవిడ చొక్కా కోసం చెయ్యి చాపింది. ఆ రోజు లైను అయిదున్నరకే లేచింది. ఆరు వందల పన్నెండు చొక్కాలు.