నేల తట్టి పిలిచే మనిషి

కొత్తగూడెం గని క్వార్టర్లలో, మా వరుస చివరింట్లో తన అన్న దగ్గర ఉండేది ఆమె. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పడిపోయాయి. అరచేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని నేలమీద పాకేది. ఎవరు కనబడినా పక్కన నేలను రెండుసార్లు తట్టి, "ఈడ కూసో" అనేది. నిలబడి మాట్లాడితే జవాబిచ్చేది కాదు.

ఎనభైల్లో మా అక్క పెళ్లికి ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచే పని నాకు పడింది. ఆమె ఇల్లు మాత్రం వదిలేశాను. రాలేని మనిషిని పిలిచి బాధపెట్టడం ఎందుకనుకున్నాను. దాన్నే దయ అనుకున్నాను కూడా. పెళ్లిరోజు మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ నింపి నేనే తీసుకెళ్లాను.

ఆమె మూత కూడా తియ్యలేదు.

"అన్నం మా ఇంట్ల గూడ ఉన్నది బిడ్డా. బొట్టేది?"

"నువ్వు రాలేవు గదా అత్తా అని..."

"వస్తనో లేదో నేను జూసుకుంట. పిలిచేది నీ పని."

గూట్లో ఉన్న కుంకుమ భరిణె చూపించింది. వంగబోతే నేల తట్టింది. ఎదురుగా కూర్చుని బొట్టు పెట్టి, "పెండ్లికి రా అత్తా" అన్నాను.

వెంటనే చేతులకు చెప్పులు తొడిగింది. బొగ్గుపొడి బాటలో ఆమె ముందు, నిండు క్యారియర్‌తో నేను వెనక. పందిట్లోకి రాగానే ఎవరో, "అయ్యో, ఇంటికే పంపినం గదా" అన్నారు. ఆమె వినిపించుకోలేదు. బంతిలో నడిమధ్యన కూర్చుని, పక్క విస్తరి ముందు నేల తట్టింది. చోటు వెతుక్కుంటున్న పెళ్లికొడుకు తల్లి వచ్చి అక్కడ కూర్చుంది.

"పెండ్లిపిల్లకు మీరేమైతరు?" అని అడిగిందావిడ.

"అత్తనైత. బొట్టు పెట్టి పిలిచిన్రు" అంది ఆమె, నా వైపు చూడకుండా.