ఉడుతరాజు మొదటి బొండం

ఉద్దానం పిల్లలకి పుట్టినరోజులేమిటి అని మీరు అడగొచ్చు. అడిగినా తప్పులేదు. కవిటి తోటల్లో పుట్టిన పిల్లకి పుట్టినరోజంటే ఒంటికి ఓ కొత్త గౌను, నోటికింత బెల్లం ముక్క. అదీ తల్లికి ఆ తేదీ గుర్తుంటేనే. అలాంటి ఊళ్లో దింపు పనిచేసే త్రినాథరావు, కూతురి ఆరో పుట్టినరోజుని బొమ్మల పుస్తకంలో ఉన్నట్టే చేస్తానని మాటిచ్చేశాడు. విన్నవాళ్లంతా పాపం ఇతనికి మతి పోయిందనుకున్నారు. మతి బాగానే ఉంది, ఒంట్లోనే బాగోలేదు.

దింపు అంటే కొబ్బరిచెట్టెక్కి గెలలు కోసి దింపడం. త్రినాథరావు కాళ్లకి తాడు తగిలించుకుని, నడుముకి కత్తి దోపుకుని చెట్టు మొదట్లో నిలబడితే, కిందవాళ్లు తలెత్తేలోపు మట్టల్లో ఉండేవాడు. అబ్బ, ఏం ఎక్కేవాడండీ! తోటల రైతులు అతనికి కబురు మీద కబురు పెట్టేవారు. అతనికో పట్టింపు ఉండేది. ఏ తోటలోనైనా దింపిన మొదటి బొండం ఎక్కినవాడిదే. అతను అది తాగాకే మిగతా చెట్ల మాట. సాక్షాత్తూ తోట కలవాడు వచ్చి నిలబడినా ఆ బొండం ముట్టుకోకూడదు. ఆ పద్ధతి తండ్రి నుంచి వచ్చింది. కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని తోటలకి తీసుకెళ్లిన రోజుల్లో అందులోంచి ఒక్క గుక్క దాని నోట్లో పోసి, "ఎక్కినోడిదే మొదటి బొండం. మరిసిపోకు గుంటా," అనేవాడు.

ఆ గుంట పేరు జ్యోత్స్న. పేరు పెట్టడం గొప్పగానే పెట్టారు గానీ పిలవడానికి ఎవరికీ నోరు తిరగక జోస్న అయి కూర్చుంది. దానికి నాలుగేళ్లు నిండిన ఏడు త్రినాథరావు కాళ్లు పొంగాయి, మొహం ఉబ్బింది. పలాసలో రక్తపరీక్ష చేసి క్రియాటినిన్ పెరిగిందన్నారు. అంటే కిడ్నీలు పోతున్నాయని ఉద్దానంలో ఒకరు చెప్పక్కర్లేదు. విశాఖలో పెద్ద డాక్టరు చెట్లెక్కడం మానమన్నాడు, ఉప్పు మానమన్నాడు, నీళ్లు కొలుచుకుని తాగమన్నాడు. కొబ్బరినీళ్లు మాత్రం చుక్క కూడా ముట్టొద్దు, గుండె ఆగిపోగలదని గట్టిగా చెప్పాడు. కొబ్బరిచెట్టు మీద బతికినవాడికి ఇంతకన్నా పాపిష్టి పథ్యం ఉంటుందా? భార్య నీలవేణి ఒక గాజుగ్లాసుకి గోళ్లరంగుతో గీత పెట్టింది. పూటకి ఆ గీత దాకానే నీళ్లు.

పిల్లకి ఏమీ చెప్పలేదు. "ఈయేడు సెట్లు సరిగ్గా కాయనేదమ్మా, అందుకే ఇంటికాడున్నాను," అన్నాడు తండ్రి. గ్లాసు సంగతి అడిగితే మందు గ్లాసు అంది తల్లి. జోస్న తలూపి ఊరుకుంది. చిన్నపిల్ల కదా, నమ్మేసిందనుకున్నారు.

ఆ బొమ్మల పుస్తకం కూడా రక్తపరీక్షకి వెళ్లొస్తూ పలాస బస్టాండులో కొన్నదే. అందులో ఎండాకాలం అడవిలో నీళ్లన్నీ ఇంకిపోతాయి. జంతువులన్నీ దాహంతో నాలుకలు వేలాడేసుకుని కూర్చుంటాయి. అప్పుడు ఉడుతరాజు ఆకుల కిరీటం పెట్టుకుని, అడవిలోకెల్లా పెద్ద చెట్టెక్కి, నీళ్లున్న కాయలు కోసి అందరికీ జారవిడుస్తాడు. ఏనుగుకీ ఒకటే, ఎలకకీ ఒకటే. ఏడో తరగతి దాకా చదువుకున్న నీలవేణి ఆ కథ చదివి చదివి గొంతు పోగొట్టుకుంది.

"నాన్నా, నా పుట్టినరోజుకి మన పెరట్లో ఇలగే సేద్దామా?" అంది జోస్న ఒకరోజు.

"ఓ, సేద్దాం!" అన్నాడు త్రినాథరావు, ముందూ వెనకా చూడకుండా.

పిల్ల ఆటకి పోగానే నీలవేణి అందుకుంది. "మరి ఉడుతరాజెవుడు? సెట్టెవుడెక్కుతాడు?"

"నానే."

"ఓలమ్మ ఓలమ్మ! నీకేటి ఎర్రెక్కినాదా మావా? గుమ్మం దిగితే ఆయాసం. నువ్వు సెట్టెక్కుతావా?"

"పెరట్లో పొట్టిసెట్టే కదే. ఒక్కపాలి. మన గుంట బుద్దెరిగినాక నన్ను సెట్టు మీద సూడనేదు. రేపు నాను నేకపోతే దానికేటి గుర్తుంతాది సెప్పు? ఈ మంచం మీద కూకున్నోడేనా?"

నీలవేణి పొయ్యి దగ్గర కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుపయ్యాక లేచి కొబ్బరిపీచు తెచ్చి పిల్లలకి ఉడుత తోకలు పేనడం మొదలుపెట్టింది.

ఇల్లు కొద్దికొద్దిగా పుస్తకంలా తయారైంది. గోడ మీద సున్నంతో ఏనుగుని వేశారు, అది పందిలా వచ్చింది. త్రినాథరావు మంచం మీద కూర్చునే మట్టాకుతో కిరీటాలు, బూరలు, గడియారాలు అల్లాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అతని మొహం కాస్త తేటగా ఉండేది. పనసపండు ముగ్గేశారు. కేకు బదులు కొబ్బరిలౌజు చేద్దామంది నీలవేణి. అన్నీ కుదిరాయి గానీ ఒక్కటి మాత్రం ఆమెని తినేస్తోంది.

"మొదటి బొండం పిల్ల తెచ్చి నీ సేతికే ఇత్తది. ఏటి సేత్తావు?"

"మూతికి ఆనిచ్చి నీకిచ్చెత్తాను. నువ్వు లోపలికట్టుకుపో."

"మూతికి ఆనిచ్చినాక ఆపగలవా?"

మే నెల ఎండ, పూటకి గీత దాకా నీళ్లు. నాలుక అంగిటికి అంటుకుపోయి బతుకుతున్న మనిషి. ఆపగలనని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

పుట్టినరోజుకి ముందురోజు తెల్లవారుతుండగా, పిల్ల లేవకముందే, కాళ్లకి తాడు తగిలించుకుని పొట్టిచెట్టు దగ్గరికి వెళ్లాడు. నాలుగు పట్లు బాగానే పడ్డాయి. చెట్టు తనని గుర్తుపట్టిందనుకున్నాడు, సంబరపడిపోయాడు వెర్రినాయన. ఆ తర్వాత తొడలు వణికాయి. కళ్లముందు చీకట్లు కమ్మాయి. బోదెని కావలించుకుని అలాగే జారిపోయాడు. ఛాతీ అంతా గీసుకుపోయింది. నీలవేణి పరుగెత్తుకొచ్చి ఎత్తి కూర్చోబెట్టింది. అతను చెట్టువైపు చూడలేదు.

"గోవిందుకి కబురెట్టే," అన్నాడు.

గోవింద్ నీలవేణి తమ్ముడు. కంచిలి వైపు దింపు పనే చేస్తాడు. ఆ పని నేర్పింది బావే. సాయంత్రానికల్లా వచ్చాడు. బావ ఛాతీ మీద గీతలు చూసి, కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు.

"రేపు రాజు కింద కూకుని హుకుం సేత్తాడమ్మా. గోవింద్ మావ ఎక్కుతాడు," అన్నాడు త్రినాథరావు కూతురితో, నవ్వుతూనే. ఆ నవ్వు అతనికే రోతగా తోచింది.

జోస్న తండ్రి మొహంలోకి చూసింది, ఛాతీ మీద పసుపు రాసిన చోటు చూసింది. "సరే," అంది.

మర్నాడు పొద్దెక్కేసరికి పెరడంతా తోకలే. వీధిలో పిల్లలందరికీ పీచుతోక, ఆకుకిరీటం. బూరల గోలకి చెవులు చిల్లులు పడ్డాయి. త్రినాథరావుని నులకమంచం మీద కూర్చోబెట్టి అందరికంటే పెద్ద కిరీటం పెట్టారు. అందులో అతని మొహం మరింత పీక్కుపోయినట్టు కనిపించింది. నీలవేణి కథ చదివింది. "ఏనుగుకీ ఒకటే, ఎలకకీ ఒకటే!" అని పిల్లలు అరిచారు. గోవింద్ చెట్టెక్కాడు. బాగా ఎక్కాడు. కుర్రకాళ్లు కదా, అవి ఒకప్పుడు తనవేనన్నట్టు ఉంది చూస్తున్న త్రినాథరావుకి. గెల తాడు కట్టి దించాడు గోవింద్. దిగివచ్చి, కత్తితో మొదటి బొండం నెత్తి చెక్కి, రాజుకిమ్మని మేనకోడలి చేతిలో పెట్టాడు.

లేత బొండం వాసన మంచం దాకా వచ్చింది. రెండేళ్లయింది ఆ వాసన దగ్గరగా పీల్చి. మూతికి ఆనించి ఇచ్చేయాలి అని మనసులో వల్లించుకున్నాడు. రెండో క్షణంలోనే, ఏడిసింది, తాగేస్తాను, అనుకున్నాడు. కూతురు రెండు చేతులా పట్టుకొచ్చి ఇస్తే మూతికి ఆనించి ఇచ్చేస్తే నేనేం తండ్రిని? గుండె ఆగితే ఆగనీ. ఈ పూట మాత్రం నేనే రాజుని. నీలవేణికి అతని కళ్లలో ఆ మాట కనబడిపోయింది.

జోస్న నీళ్లు ఒలకకుండా నెమ్మదిగా నడిచి వచ్చింది. త్రినాథరావు చేతులు చాచాడు. పిల్ల ఆగలేదు. మంచం పక్కగా చుట్టి వెళ్లి, తాడు విప్పుకుంటున్న గోవింద్ ముందు నిలబడింది.

"ఇదిగో మావా, నీదే."

గోవింద్ మొహం మాడిపోయింది. "నాకేటమ్మా! మీ నాన్నకియ్యి."

"కాదు. ఎక్కినోడిదే మొదటి బొండం. నాన్నే సెప్పినాడు." తండ్రి వైపు తిరిగింది. "కదా నాన్నా?"

"అవునమ్మా," అన్నాడు త్రినాథరావు. చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. బతికిపోయానన్న ఊరటా, ఇక బతికేం లాభమన్న ఏడుపూ రెండూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. గోవింద్ కళ్లు దించుకుని ఆ బొండం తాగాడు.

మిగతా బొండాల మీద పిల్లలు మూకుమ్మడిగా పడ్డారు. ఆ గోలలో జోస్న ఇంట్లోకి పోయింది. గాజుగ్లాసు పట్టుకుని బయటికొచ్చింది. అందులో నీళ్లు సరిగ్గా గోళ్లరంగు గీత దాకా ఉన్నాయి. ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఇది నీది," అంది తండ్రితో. అని చుట్టూ చూసి, అతని చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "ఇంకొంచెం పోద్దామనుకున్నాను నాన్నా. పోత్తే నువ్వు సచ్చిపోతావు కదా?"

అమ్మా నాన్నా తన దగ్గర ఏం దాచారో, ఎన్నాళ్లుగా దాచారో ఆ పిల్లకి అంతా తెలుసు. త్రినాథరావు గ్లాసు అందుకున్నాడు. నీలవేణి కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగిపోయింది. అతను సగం తాగి ఆపాడు.

"మిగిలింది సాయంత్రానికుంచమ్మా," అన్నాడు.

జోస్న గ్లాసు లోపలికి తీసుకెళ్లి, చీమలు పడకుండా దాని మీద మూత పెట్టింది. అప్పుడు తోక సరిచేసుకుని ఆడుకోవడానికి పరుగెత్తింది.