నైట్రైట్ పొట్లం

పొట్లం విప్పగానే సాయిలుకు తెలిసిపోయింది. తెలిసీ ఎందుకు నోరు మెదపలేదు? ముప్పై ఏళ్ళు దాటినా, ఆ పొట్లం తెచ్చిన వెంకటేశ్‌కు ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

సాయిలు మగ్గం నేసిన మనిషే. భవాని పేట్‌లో చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాక, భుజాన సంచి తగిలించుకుని "పాత జరీ... పాత జరీ..." అంటూ గల్లీలు తిరిగేవాడు. చినిగిన పెళ్ళిచీరల జరీ కాల్చి, ఆ బూడిదను తేజాబ్‌లో, అంటే ఘాటైన యాసిడ్‌లో, వేసి వెండి రాబట్టడం అతని పని. తేజాబ్ తగిలి వేళ్ళ కొసలు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. "పెండ్లి కాలే గని, చేతులకు పసుపు మాత్రం రోజు అంటుతది" అని నవ్వేవాడు.

ఆ ఏడు, ఎనభై ఏడులో, బీడీలు చుట్టే చంద్రభాగ తన అత్తగారి పెళ్ళిచీర తెచ్చి అతని చేతిలో పెట్టింది. బుధవారం మనవరాలిని ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ.

"దుకాణం కడియాలు వద్దు సాయిలన్నా. మా అత్త చీరల వెండే పిల్ల కాళ్ళకు ఎక్కాలె."

చీర కాల్చాక చిక్కొచ్చింది. సాయిలుకు తేజాబ్ ఇచ్చే దుకాణం ముసలాయన చనిపోయాడు. కార్ఖానా చిట్టీ లేనిదే సీసా దించనన్నాడు కొడుకు.

సరిగ్గా అప్పుడు వెంకటేశ్ కల్పించుకున్నాడు. కల్పించుకోకపోతే అందరికీ బాగుండేది. అతను కుంఠా నాకా దగ్గర రంగుల కార్ఖానాలో గుమాస్తా, గల్లీ మాటలో కారకూన్. వాచనాలయంలో పుస్తకాలన్నీ చదివాడని పేరు. ఆ పేరు ఎక్కువగా ప్రచారం చేసిందీ తనే.

"చిట్టీ ఎందుకు? వెండి కరిగేది నత్రికామ్లంల. అంటే నైట్రిక్. మా కార్ఖానల డబ్బాలకు డబ్బాలున్నది."

"రంగులోళ్ళకు తేజాబ్‌తోని ఏం పని, కారకూన్ సాబ్?"

"పుస్తకం నువ్వు చదివినవా, నేను చదివిన్నా?"

వెంకటేశ్ తెచ్చింది ఎర్ర రంగు ఎక్కించేటప్పుడు వాడే నైట్రైట్ ఉప్పు. పేరులో చివరి ముక్కే తేడా. అంత చదివినవాడు ఆ ఒక్క ముక్క చదవలేదు.

ఆదివారం అశోక్ చౌక్ వెనక, సాయిలు వాకిట్లో పదిమంది చేరారు. తేజాబ్ సీసా మూత తీస్తే గొంతు పట్టేస్తుంది. ఈ పొట్లం విప్పితే ఒక్కరికి తుమ్మైనా రాలేదు. సాయిలు ఒకసారి వాసన చూశాడు, ఒకసారి వెంకటేశ్ ముఖం చూశాడు. ఉప్పును నీళ్ళలో కలిపి, చిటికెడంటే చిటికెడు బూడిద వేశాడు. మిగతా బూడిద పక్కకు జరిపాడని వెంకటేశ్ గమనించలేదు. అతను జనానికి ఆమ్లాల గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు.

బూడిద కరగకుండా అడుగునే కూర్చుంది. పక్కింటి గంగుబాయి గిన్నెలోకి తొంగి చూసింది. "ఏంది తమ్మీ, పోపు పెట్టాల్నా?"

అందరూ పగలబడి నవ్వారు.

"ఆగక్కా, టైం పడ్తది. సాబ్ చెప్తుండు గద," అన్నాడు సాయిలు, నవ్వకుండా.

బుధవారం తొట్టెలకు సాయిలు కడియాలతో వచ్చాడు. ఒక సోనార్, అంటే కంసాలి, దగ్గర రెండు దినాలు కొలిమి ఊది, కూలికి బదులు అతని తేజాబ్‌లోనే వెండి తీసి కడియాలు చేయించుకున్నాడట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చంద్రభాగ పిల్ల కాళ్ళకు కడియాలు తొడిగి, "ఇగ మా అత్త మళ్ళ నడుస్తది" అంది.

ఈలోగా పుస్తకం మళ్ళీ తిరగేసి తన పొరపాటు తెలుసుకున్న వెంకటేశ్ క్షమాపణ ఒకటి సిద్ధం చేసుకొచ్చాడు. రెండే మాటలు: తప్పు నాది. తీరా సాయిలు పక్కన కూర్చుని నోరు తెరిచేసరికి, "నైట్రిక్‌కు నైట్రైట్‌కు భేదం ఏందంటే..." అని మొదలైంది. ఆపుకోలేక సంచిలోంచి పుస్తకం కూడా తీశాడు. పుట వెతికి, వరుస మీద వేలు పెట్టి, "ఇగో, ఇక్కడున్నది చూడు" అంటూ తలెత్తాడు.

పక్కన సాయిలు లేడు, తాగేసిన చాయ్ కప్పు ఉంది. గల్లీ మలుపులో "పాత జరీ... పాత జరీ..." అన్న కేక దూరమైంది. ఆ గల్లీలో మళ్ళీ వినబడలేదు.