గోడ మీద నీలం గీత

బట్టల షాపు అద్దాల కిటికీలో నిలబడే బొమ్మలకు బట్టలు తొడగడం కూడా ఒక పనేనా అని మూతి తిప్పేవాళ్ళు ఒకసారి వచ్చి తొడిగి చూడాలి. బొమ్మ చెయ్యి మోచేతి దగ్గర వంగదు. భుజం దగ్గర మర విప్పి, చెయ్యి ఊడదీసి, ఒంటికి కోటు తొడిగి, ఆ చేతిని కోటు లోపలికి దూర్చి మళ్ళీ మర బిగించాలి. బిగింపు తక్కువైతే మధ్యాహ్నానికల్లా చెయ్యి జారి వేలాడుతుంది. ఎక్కువైతే పెచ్చు ఊడుతుంది. ఈ పనిలోనే జుట్టు నెరిసిపోయిన మనిషి బొమ్మలత్త. షాపులో చిన్నా పెద్దా అందరూ ఆవిడను పిలిచేది అలాగే.

అలాంటి బొమ్మలత్తకు కుడి భుజం పట్టేసింది. మొదట ఉత్త నొప్పే. విశ్రాంతి ఇస్తే అదే పోతుందిలే అని చేతిని గుడ్డపట్టీతో మెడకు కట్టుకుని, ఎడమ చేత్తో పని కానిచ్చేసింది. వానలు తగ్గాక పట్టీ విప్పి చూసుకుంటే చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. ఊళ్ళో ఉన్న బొమ్మలన్నిటి మరలూ తుప్పు పట్టకుండా తిప్పే మనిషి తన మరను తానే కట్టేసి తుప్పు పట్టించుకుంది. ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు.

"నొప్పని కట్టేసుకుంటే బిగుసుకుపోదామ్మా మరి?" అని ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తగానే చీవాట్లు పెట్టింది. "రోజూ గోడకు ఎదురుగా నిలబడి చేతివేళ్ళను నడిపిస్తూ గోడ ఎక్కించండి. ఎంతవరకు వస్తే అంతవరకే. మొండిగా లాగొద్దు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చోండి. గోడ ఆసరాతో మడమలెత్తి దించండి. పెద్ద కసరత్తులేం వద్దు, ఇవి చాలు."

"ఎన్నాళ్ళు చెయ్యాలమ్మా?"

"బతికున్నన్నాళ్ళూ," అని నవ్వింది ఆ అమ్మాయి. బొమ్మలత్త దాన్ని వేళాకోళం అనుకుంది.

అసలు భయం వేరే ఉంది. షాపు ఇప్పుడు యజమాని కూతురి చేతికి వచ్చింది. చిన్నప్పుడు ఈ బొమ్మల కాళ్ళ మధ్య దాగుడుమూతలాడిన పిల్లే. ఒకరోజు దగ్గరకు వచ్చి, "అత్తా, చలికోట్లు పెట్టే కిటికీ నువ్వే అలంకరించాలి. గుడ్డ వేలాడదీసే పై కడ్డీకి చెయ్యి అందకపోతే ముందే చెప్పేయ్, నేనేం అనుకోను. ఇంట్లో హాయిగా కూర్చుందువుగాని," అంది. ప్రేమగానే అంది. కానీ ఆ 'హాయిగా' అన్న మాటకు బొమ్మలత్త గుండెల్లో రాయి పడింది. తన తల్లి కూడా అలాగే హాయిగా కూర్చుంది. ముందు తన జుట్టు తాను దువ్వుకోవడం మానేసింది, తర్వాత కుర్చీలోంచి లేవడం మానేసింది, ఆఖరికి మంచానికి అతుక్కుపోయింది. పడుకున్నచోటునుంచే గోడను గోళ్ళతో గీకుతూ ఉండేది. మంచం పక్కన గోడకు సున్నం రాలిపోయి, పొడుగాటి చార ఒకటి మిగిలింది. ఆమె పోయాక ఆ గోడకు రెండుసార్లు సున్నం వేయించినా బొమ్మలత్త కళ్ళలోంచి చార పోలేదు.

అందుకే షాపు తెరవకముందే వెళ్ళి, వెనక గదిలో వేళ్ళతో గోడ ఎక్కడం మొదలుపెట్టింది. ఆ గదిలో మూల పాత బొమ్మ ఒకటి ఉంది, ఈవిడ పనిలో చేరిన ఏడే వచ్చిన చెక్కబొమ్మ. పెద్దక్క అని దానికి పేరు. కుడి భుజం మర తుప్పు పట్టి చెయ్యి ఒంటికి అంటుకుపోయాక దానికి బట్టలు తొడిగే దిక్కు లేదు. "ఏం పెద్దక్కా, నీదీ నాదీ ఒకటే రోగం," అని పలకరించి, వేళ్ళు అందినచోట దర్జీల నీలం సుద్దతో గీత గీసి, సుద్దను పెద్దక్క పక్కన అరమీద పెట్టి, గదికి తాళం వేసుకుని పనిలోకి వెళ్ళింది.

మర్నాడు తాళం తీసి చూస్తే తన గీతకు కాస్త పైన ఇంకో గీత ఉంది. వణికిన చేత్తో గీసినట్టు వంకరగా ఉంది.

షాపులో అమ్మకాలు చూసే పిల్లల మీద విరుచుకుపడింది. "మాకు వేరే పని లేదా అత్తా, తాళంచెవి నీ సంచిలోనే ఉంటుంది కదా!" అని వాళ్ళు నవ్వారు. ఆ మాటా నిజమే. సరే, గీసినవాళ్ళెవరైనా తనను ఎగతాళి చేస్తున్నారనుకుని పంతం పట్టింది. వారం తిరక్కుండానే ఆ గీతను అందుకుంది. తెల్లారేసరికి దానిపైన మరొకటి. దాన్నీ అందుకుంది. భుజం వదులవుతున్నకొద్దీ గీతలు గోడ ఎక్కాయి. కుర్చీలోంచి లేవడమూ తేలికైంది. ఒక ఉదయం ఒళ్ళు తేలికగా అనిపించి, కూనిరాగం తీస్తూ పెద్దక్క మీది దుమ్ము తుడవబోయింది. దాని కుడిచేతి వేళ్ళ కొసలకు నీలం సుద్ద అంటి ఉంది.

కూనిరాగం ఆపి, దాని భుజం మరను పట్టి తిప్పి చూసింది. ఎర్రటి తుప్పు, ఇసుమంతైనా కదల్లేదు. వేళ్ళను గుడ్డతో తుడిచేసి బయటపడింది. మర్నాడు మళ్ళీ నీలం. ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే భుజంతో పాటు బుర్ర కూడా పోయిందంటారు. నోరు మూసుకుని గోడ ఎక్కింది, కాకపోతే మూల వైపు చూడడం మానేసింది.

చలికోట్ల రోజు రానే వచ్చింది. అందరూ చూస్తుండగా బొమ్మలత్త కిటికీలోకి ఎక్కి, మడమలెత్తి, కుడి చెయ్యి చాచి పై కడ్డీకి గుడ్డ తగిలించింది. "ఇంకేం అత్తా, నీకు ఢోకా లేదు!" అని చిన్న యజమానురాలు వాటేసుకుంది. బొమ్మలత్త ఆరోజంతా నేల మీద నడిస్తే ఒట్టు.

మర్నాటినుంచి గోడకు సెలవిచ్చేసింది. కడ్డీ అందింది కదా, ఇంకా ఈ పాకులాట దేనికి అనుకుంది. ఆ మూల వైపు వెళ్ళే పని తప్పినందుకు లోపల్లోపల సంతోషించింది కూడా. నిజం చెప్పాలంటే మానేయడానికి సగం కారణం అదే.

కోట్ల పెట్టె కోసం వెనక గదికి వెళ్ళినప్పుడు చూస్తే కొత్త గీత ఒకటి కనిపించింది, ఈసారి పాతవాటికి కింద. మరోసారి వెళ్తే ఇంకా కింద, రొమ్ము ఎత్తున. ఆ తర్వాత నడుము దగ్గర. చూసీ చూడనట్టు పెట్టె తీసుకుని వచ్చేసేది. గీత కిందికి దిగుతుంటే తనకేం, భుజం బాగానే ఉంది కదా అని సర్దిచెప్పుకునేది.

ఒక ఉదయం అద్దం ముందు తల దువ్వుకుంటుంటే దువ్వెన చెవి దగ్గర ఆగిపోయింది. చెయ్యి అంతకు పైకి రానంది.

ఆవిడకు అమ్మ గుర్తొచ్చింది. దువ్వెన అక్కడే పడేసి, సగం దువ్విన జుట్టుతోనే షాపుకు పరుగులాంటి నడకతో వెళ్ళి వెనక గది తెరిచింది. పెద్దక్క మూలలో లేదు. గోడ పక్కన నేల మీద వెల్లకిలా పడి ఉంది. దాని పక్కన, సరిగ్గా మంచం ఎత్తున, గోడ మీద పొడుగాటి చార. ఈసారి సుద్దతో గీసిన గీత కాదది. సున్నం గీకేసిన చార. కింద తెల్లటి పొడి రాలి ఉంది. పెద్దక్క చెక్కగోళ్ళ నిండా సున్నమే.

పారిపోదామని బొమ్మలత్త గుమ్మం దాకా వెళ్ళింది. కానీ అలా నేల మీద పడి ఉన్నదాన్ని వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. అమ్మను ఎన్నిసార్లు లేపి కూర్చోబెట్టిందో ఆ చేతులకు తెలుసు. వెనక్కి వచ్చి, మోకాళ్ళు వంచి, పెద్దక్కను చంకల కింద పట్టుకుని లేపి గోడకు ఎదురుగా నిలబెట్టింది. తనూ పక్కన నిలబడి, వేళ్ళు గోడకు ఆనించింది. భుజంలో నొప్పి కలుక్కుమంది. కళ్ళనీళ్ళు వచ్చాయి. వేళ్ళు ఒక్కొక్కటే పైకి కదిలాయి.

పక్కన తుప్పు పట్టిన మర కిర్రుమంది.

బొమ్మలత్త తల తిప్పలేదు. "మెల్లగా పెద్దక్కా, మొండిగా లాగకు," అంది గోడ వైపే చూస్తూ. తన వేళ్ళ పక్కనే చెక్కవేళ్ళు గోడను టకటకమని తాకుతూ పైకి ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎన్నాళ్ళు చెయ్యాలని ఆవిడ ఈసారి ఎవరినీ అడగలేదు.