వద్దన్నాక కూడా వెళ్లిన పిలుపులు

మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి జావాస్క్రిప్ట్ రాస్తుంది. మేము పన్నెండు మంది ఆడవాళ్లం అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టే పనికి పోతాం. ఎవరు ఎప్పుడు రావాలో ఫోన్లలో చెప్పుకోలేక మేము పడే అవస్థ చూసి మా కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. పట్టుబడికి ముందు రోజు సాయంత్రం నేను గుంటలోంచి చెక్ ట్రే, అంటే రొయ్యలను చూసే వల పళ్లెం, పైకి లాగి, అందులోని రొయ్యలను వేళ్లతో నొక్కి చూస్తాను. గట్టిగా ఉంటే ‘సరే’ అని, పొట్టు విడిచి మెత్తబడి ఉంటే ధర రాదు కాబట్టి ‘వద్దు’ అని ఫోన్‌లో నొక్కుతాను. సరే అంటే ఐసు బండికి కబురు పోతుంది. అక్కడ ఒప్పుకున్నాక ఆటోకు, ఆటో ఒప్పుకున్నాక ఆడవాళ్లకు.

అమావాస్య మరుసటి రోజు నేను వద్దు నొక్కాను. తెల్లవారి మళ్లీ ట్రే చూద్దామని వెళ్తే మిగతా పదకొండు మందీ గట్టు మీద ఉన్నారు. ఐసు కరుగుతోంది. ఇద్దరు ఇందుకూరుపేటలో నాట్ల పని వదులుకుని వచ్చారు.

మా ముఠా పెద్దామె నన్ను చూసి, “ఏమ్మే, నువ్వు వద్దని నొక్కినావంట గదా. మమ్మల్ని పిలిచింది నీ కూతురా, దయ్యమా?” అంది.

“దయ్యమైతే టీ అన్నా పోసుండేది” అంది వెనక నుంచి ఒకామె.

పెద్దామె నవ్వలేదు. “ఇంకోసారి ఇట్టా జరిగిందా, ఆ పోగ్రామొద్దు, ఏమొద్దు. మా నోళ్లే మాకు చాలు.”

ఇంటికొచ్చి చెప్తే అమ్మాయి అన్నం ముందు నుంచి లేచిపోయింది. కంపెనీకి రాసేది ఎవరు వాడతారో ఆమెకు తెలియదు. ఇది వాడేది మాత్రం ఆమెను చంకనెత్తుకుని తిప్పినవాళ్లు.

నాకు అక్షరాలు యాభై దాటాక చర్చి అరుగు మీద వచ్చాయి. ఇప్పటికీ వరుస మీద వేలు పెట్టి చదువుతాను. ఇంగ్లీషు నాకు అర్థం కాదు కాబట్టి, ఆమె రాసింది ఒక్కో వరుసా తెలుగులో చెప్పమన్నాను.

“మెత్తగా ఉంటే ఇక్కడ్నించే వెనక్కొచ్చేయమని రాసినాను” అంది.

“వచ్చేసినాక?”

“వచ్చేసినాక ఏముంది, అయిపాయె.”

“కింద ఇంకా మూడున్నాయి గదా, ఐసు, ఆటో, మేము. వాటికెవురు చెప్పినారు?”

పట్టుబడిలో గుంట నుంచి గట్టు దాకా వరుసగా నిలబడి గంపలు చేతులు మారుస్తాం. కొత్తలో నేను, ఇక రొయ్యలు లేవని తెలియాలని, ఖాళీ గంప పైకి పంపాను. ఎవరూ లోపల చూడలేదు. చేతికొచ్చింది చేతికిచ్చారు. పైనున్నామె అందులో ఐసు కూడా పోసింది. ఆపాలంటే ఖాళీ గంప పనికిరాదు, కేక వేయాలి. ఆ సంగతి చెప్పాను.

అమ్మాయి కేక వేసేలా మార్చింది. ఎర్రర్ విసరడం అంటారట. ఆ కేకను అందుకునేవాళ్లు కూడా ఒకరుండాలట. ఆ అందుకునేవాళ్లను మొదటి పని, అంటే నా సరే-వద్దు చూసే వరుస, పక్కనే పెట్టింది. పరీక్షకు నా ఒక్క ఫోనే పెట్టి వద్దు నొక్కి చూస్తే మళ్లీ పిలుపు వచ్చింది. కేక అక్కడే అందేసరికి, గొడవ సర్దుకుందనుకుని కిందివి కదిలాయి. అందుకునేవాళ్లను అన్నిటికంటే కిందికి దించాక కేక మూడింటినీ దాటుకుంటూ పోయింది; పిలుపు రాలేదు, ‘పని లేదు’ అని కబురు వచ్చింది. మధ్యలో ఆపడానికి ఒక బటన్ కూడా పెట్టింది. ప్రతి పనికీ ముందు అది నొక్కారేమో ప్రోగ్రాం చూసుకుంటుంది.

పౌర్ణమికి రెండు రోజుల ముందు సరే నొక్కాను. గుంట అవతలి మూల ట్రే తీస్తే సగం మెత్తవి. ముందే చూడాల్సింది. ఆపు నొక్కి అమ్మాయికి ఫోన్ చేశాను.

“ఐసు బండి బయలుదేరేసిందిమా. దాన్ని వెనక్కి పిలవలేను. తర్వాతవి ఆగినాయి” అంది.

పొద్దున గట్టు మీద నేనూ ఐసూ ఉన్నాం. కాసేపటికి పెద్దామె ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. ఆమెకు ‘పని లేదు’ అని వచ్చిందట. నమ్మలేక చూసిపోదామని వచ్చింది. గట్టు పొడవునా చూసింది.

“ఎవురూ రాలే?”

“రాలే.”

“ఐసేగా కరిగేది. మనుషులు గాదు గదా” అంది. ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. “ఉండనీ మే, నీ కూతురి పోగ్రాము.”