రెండో కడియం

చనిపోయిన మా అమ్మ కాలి కడియం పొలంలో పోలేదు. ఆ మాట మూడేళ్లుగా నా నోట రాలేదు.

మస్కట్‌లో ఉండే మేనకోడలు తన పదో పుట్టినరోజుకు "అమ్మమ్మది ఏదన్న పంపు మామా" అంది. నల్లబడ్డ పాత కడియాలు పిల్లకేం బాగుంటాయని, కామారెడ్డిలో వెండి కొట్టులో అవి ఇచ్చి, మెరిసే పట్టగొలుసులు తీసుకున్నాను. మా ఊరు ఎల్లారెడ్డికి బస్సెక్కాక చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, అమ్మ కడియాలే పంపు. పిల్ల గవే అడుగుతుంది."

దారిలోనే దిగి, ఆటో పట్టుకుని కొట్టుకు ఉరికాను. ఒకటి అప్పటికే కరిగిపోయింది. ఇంకోటి మూసలో వేయబోతున్న కంసాలి చేతులు పట్టుకున్నాను.

"గంత పానం గొట్టుకుంటే ఎందుకు తెచ్చినవ్ పటేలా?" అన్నాడతను.

మిగిలిన ఒక్కటీ పంపి, రెండోది అమ్మ బతికున్నప్పుడే నాట్లేస్తుంటే పొలంలో పడిపోయిందని వాళ్లకు చెప్పాను.

ఈ ఎండాకాలం మేనకోడలు ఎల్లారెడ్డి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే, మా పొలంలో మోకాళ్ల మీద కూర్చుని ఎండిన గడ్డలు తవ్వుతోంది. గోళ్లు చిట్లి నెత్తురొస్తోంది.

"దొరుకుతది మామా, నువ్వు గూడ చూడు."

ఆమె పక్కనే కూలబడ్డాను.

"తవ్వకు బిడ్డా. అది ఈడ లేదు. నేనే కరగనిచ్చిన. తప్పయింది, నన్ను మాఫ్ చెయ్యి."