ఏడో పిల్ల

లోవ్‌మీర్ బడిలో ఏడుగురు పిల్లలుంటే బడి ఉంటుంది. ఆరుగురైతే తాళం పడుతుంది. స్వీడన్ ఉత్తరాన అడవుల్లో ఉన్న మా ఊరికి పై అధికారులు పెట్టిన లెక్క అది. చెట్లు కొట్టడానికి యంత్రాలు వచ్చాక పెళ్ళీడు ఆడపిల్లలు ముందు కదిలారు, వాళ్ళ వెనకే మగపిల్లలు దక్షిణాన కార్ల ఫ్యాక్టరీలకు పోయారు. మిగిలింది ముసలివాళ్ళూ, ఆవులూ, నలభై దాటిన బ్రహ్మచారులూ. ఇక పిల్లలెక్కణ్ణుంచి వస్తారు? పంతొమ్మిది వందల అరవై నాలుగు వచ్చేసరికి లెక్క ఆరు దగ్గర ఆగింది.

బడి పోతే కొట్టు పోతుంది, కొట్టు పోతే బస్సు పోతుంది. అందుకని రాజధానిలోని అనాథాశ్రమం నుంచి ఒక పిల్లను తెప్పించుకున్నాం. తొమ్మిదేళ్ళ గున్నెల్. హెడ్విగ్, ఆల్రిక్ అనే పిల్లల్లేని దంపతుల ఇంట్లో దిగింది.

ఆ పిల్లకేం తెలుసు పాపం. అంతవరకు ముప్ఫై మంచాల గదిలో పెరిగింది. ఇక్కడ అడుగుపెట్టిన రోజే కొట్టు ఆసామి గుప్పెడు మిఠాయిలు పోశాడు. ముసలమ్మలు బుగ్గలు పుణికారు. ఊరు ఊరంతా తనంటే పడి చస్తోందనుకుంది. తెల్లారేసరికి లేచి పాలబిందెలు కడిగేది, బంగాళాదుంపలు ఒలిచేది, ఎవరూ చెప్పకుండానే. ఒకరోజు ఆవు దగ్గర నిలబడి, "అత్తా, నేను ఎప్పటికీ ఇక్కడే ఉండిపోవచ్చా?" అని అడిగింది.

"చూద్దాంలే," అంది హెడ్విగ్, పాలు పితుకుతూనే.

ఆ ఒక్క మాట పట్టుకుని చలికాలమంతా గడిపింది పిచ్చిది.

జనవరిలో లెక్క చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజుకి గున్నెల్‌కి జ్వరం తగిలింది.

"ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఇవాళ వదిలెయ్," అన్నాడు ఆల్రిక్.

"ఆయన రేపటిదాకా కూర్చుంటాడా? దుప్పట్లు తియ్యి," అంది హెడ్విగ్.

చుట్టబెట్టి, మంచు బండి మీద వేసి బడికి లాక్కుపోయాం. ఆ పనిలో ఊళ్ళో సగంమంది చెయ్యి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఏడు తలలు లెక్కపెట్టి, సంతకం పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. వణుకుతున్న పిల్లను చూసి అందరూ చప్పట్లు కొట్టారు. అది కూడా నవ్వింది. తర్వాత పదిహేను రోజులు మంచం దిగలేదు.

మార్చిలో కొత్త రోడ్డు వేయించడానికి మేస్త్రీ ఒకడు ఊళ్ళో దిగాడు. వెంట బడి ఈడు పిల్లలు నలుగురు. ఊరంతా పండగ చేసుకుంది, గున్నెల్ కూడా వాళ్ళ కొత్త ఇల్లు తుడిచిపెట్టి వచ్చింది. ఆ వారంలోనే హెడ్విగ్ ఆశ్రమానికి ఉత్తరం రాసింది.

"నన్ను పంపించేస్తున్నారా అత్తా?" అంది గున్నెల్, తన పెట్టె గుమ్మం దగ్గర కనబడేసరికి.

"నీలాంటి పిల్లలతో అక్కడే నీకు బాగుంటుందే."

"నేనేం తప్పు చేశాను?"

"తప్పేం లేదు."

"మరి ఉంచుకోండి. తిండి తక్కువ తింటాను."

హెడ్విగ్‌కి చిరాకెత్తింది. "నిన్ను మేం కోరి తెచ్చుకున్నామనుకున్నావా? ఎవరింట్లో పెట్టాలని ఊరంతా కూర్చుని, చీట్లేసినట్టు అగ్గిపుల్లలు తీశాం. పొట్టి పుల్ల నాకొచ్చింది. చాలా, ఇంకా చెప్పాలా?"

గున్నెల్ వెళ్ళి కోటు తొడుక్కుంది. ఆల్రిక్ పెట్టె మోసుకెళ్ళి పిల్లను బస్సెక్కించాడు. వీడ్కోలు చెప్పడానికి మాలో ఒక్కడు కూడా రాలేదు. సిగ్గుపడి కాదు, పనుండి. సిగ్గే ఉంటే ఇంతదాకా ఎందుకొస్తుంది?

సెప్టెంబరుకి రోడ్డు పూర్తయింది. మేస్త్రీ పెళ్ళాంపిల్లల్ని తీసుకుని ఇంకో ఊరి రోడ్డుకి పోయాడు. హెడ్విగ్ మంచి బట్టలు కట్టుకుని, యాలకుల రొట్టెలు చేసుకుని, రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేసి ఆశ్రమానికి వెళ్ళింది. ముందుగదిలో గున్నెల్‌ని తెచ్చి నిలబెట్టారు. పిల్ల కాస్త పొడుగైంది.

"నిన్ను తలుచుకోని రోజు లేదే తల్లీ. ఇల్లు బోసిపోయింది. మావయ్యకి అన్నం సయించడం లేదు," అంది హెడ్విగ్, కళ్ళు ఒత్తుకుంటూ.

గున్నెల్ రొట్టెల పొట్లం వైపు చూడలేదు.

"బడిలో ఎంతమందున్నారు?" అని అడిగింది.

హెడ్విగ్ రుమాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"ఆరుగురు," అంది చివరికి.

"ఊళ్ళోకి కొత్తగా ఎవరైనా వస్తున్నారా?"

"లేదే."

"అయితే మీతో వస్తానండీ," అని గున్నెల్ పెట్టె తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.